మూడేళ్ల పాపతో విజయవాడ నుంచి అరకుకు కారులో: దారి, బస, వాంతుల సంగతి చెప్పండి

కృష్ణలంక కోడలు | నవంబరు 17, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. డిసెంబరు రెండో వారంలో మా వారు, నేను, అత్తయ్యగారు, మూడేళ్ల మా పాప సొంత కారులో అరకు వెళ్లాలనుకుంటున్నాం. బుధవారం నుంచి ఆదివారం వరకు సెలవు దొరికింది.

మా వారి ప్రణాళిక ఇలా ఉంది. బుధవారం తెల్లవారుజామున నాలుగింటికి విజయవాడలో బయలుదేరి సాయంత్రానికి నేరుగా అరకు చేరాలి. మర్నాడు బొర్రా గుహలు, కటికి జలపాతం. శుక్రవారం పద్మాపురం తోట, గిరిజన మ్యూజియం, చాపరాయి. శనివారం చీకటితో లేచి వంజంగిలో సూర్యోదయం, అక్కడి నుంచి లంబసింగి. ఆదివారం ఇంటికి.

నా దిగులల్లా పాప గురించే. దానికి కారు పడదు. చదునైన హైవే మీదే, హనుమాన్ జంక్షన్ దాటకముందే ఒకసారి వాంతి చేసుకుంటుంది. ఇక ఘాట్ రోడ్డు మీద ఎలా ఉంటుందో ఊహించుకుంటేనే భయంగా ఉంది. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు. మా వారికి హైవే బాగా అలవాటే కానీ కొండ దారిలో ఎప్పుడూ నడపలేదు. ఈ ప్రణాళిక కుదురుతుందా? వెళ్లొచ్చినవాళ్లు, అక్కడివాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

ఘాట్ బాబాయి | నవంబరు 17, రాత్రి 10:05

అమ్మా, నేను ఆర్టీసీలో అరకు ఘాట్ మీద బస్సు నడిపి రిటైరైనవాణ్ని. మొదటి రోజు ప్రణాళిక మాత్రం మానుకోమని చెబుతున్నాను. విజయవాడ నుంచి అరకు నాలుగు వందల కిలోమీటర్లు దాటుతుంది. అందులో అసలు కొండ దారి ఆఖరున వస్తుంది. శృంగవరపుకోట దాటి, కాశీపట్నం వదిలాక మలుపులు మొదలవుతాయి. పన్నెండు గంటలు స్టీరింగు పట్టుకుని అలసిపోయిన మనిషి, అందులోనూ ఘాట్ కొత్త, సరిగ్గా వెలుతురు తగ్గే వేళకు ఆ మలుపుల్లోకి వస్తాడు. డిసెంబరులో ఐదున్నర ప్రాంతానికే పొద్దు వాలిపోతుంది, కొండ నీడలో ఇంకా ముందే చీకటి పడుతుంది. ఆ తర్వాత మంచు దిగుతుంది.

మొదటి రాత్రి విశాఖలో ఆగండి. పాప రామకృష్ణా బీచ్‌లో ఇసుకలో ఆడుకుంటుంది, మీవారు కంటి నిండా నిద్రపోతారు. మర్నాడు ఎనిమిది గంటల వేళ గోపాలపట్నం, పెందుర్తి, కొత్తవలస మీదుగా శృంగవరపుకోట చేరి అక్కడ టిఫిన్ కానిచ్చి, ట్యాంకు నింపుకొని కొండ ఎక్కండి. విశాఖ నుంచి అరకు 115 కిలోమీటర్లే. తొందర లేకుండా, మధ్యలో ఆగుతూ మధ్యాహ్నానికి చేరిపోవచ్చు.

నడిపే సంగతులు మీవారు అడిగితే వివరంగా రాస్తాను.

రైలుబండి | నవంబరు 17, రాత్రి 10:31

నాదొక వేరే సలహా. విశాఖ వరకు కారులో రండి. అక్కడి నుంచి మీరు, అత్తయ్యగారు, పాప కిరండూల్ రైలు ఎక్కండి. ఉదయమే బయలుదేరి సుమారు నాలుగు గంటల్లో అరకు చేరుస్తుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దింపడం కోసం 1960ల్లో జపాన్ సహకారంతో వేసిన లైను అది. కొత్తవలస నుంచి కిరండూల్ వరకు 58 సొరంగాలు ఉన్నాయి. శిమిలిగుడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తున ఉంటుంది. 2017 నుంచి అద్దాల పెట్టె కూడా తగిలిస్తున్నారు. రైల్లో పిల్లలకు వాంతులు చాలా తక్కువ, ఎందుకంటే బండి నెమ్మదిగా, పెద్ద పెద్ద వంపుల్లో తిరుగుతుంది, పైగా లేచి నడవొచ్చు. బొర్రా గుహల స్టేషన్‌లో దిగితే మీవారు కారుతో అక్కడికి వచ్చి కలుసుకోవచ్చు.

పిల్లల వార్డు | నవంబరు 18, ఉదయం 6:50

నేను కాకినాడలో పిల్లల వార్డులో నర్సును. రాత్రి డ్యూటీ దిగి ఇది చూశాను. వాంతుల గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే చాలామంది దీన్ని పొట్ట జబ్బు అనుకుంటారు.

చెవి లోపల శరీరం కదలికను పసిగట్టే భాగం ఒకటి ఉంటుంది. కారు తిరుగుతున్నప్పుడు అది మెదడుకు కదులుతున్నామని చెబుతుంది. వెనక సీటులో కూర్చున్న పసిపిల్లకు కనిపించేది ఎదుటి సీటు వెనక భాగం ఒక్కటే. కళ్లు ఏమీ కదలడం లేదని చెబుతాయి. ఈ రెండు కబుర్లకూ పొత్తు కుదరక వికారం పుడుతుంది. రెండేళ్లలోపు పిల్లల్లో ఇది అరుదు. రెండు నుంచి పన్నెండేళ్ల మధ్య బాగా ఎక్కువ. వయసు పెరిగేకొద్దీ చాలామందిలో తగ్గిపోతుంది. కాబట్టి మీ పాపకు జబ్బేమీ లేదు, వయసు అలాంటిది.

ఇక చేయవలసినవి. ఫోను గానీ బొమ్మల పుస్తకం గానీ కదిలే బండిలో చేతికి ఇవ్వకండి. దగ్గరి వస్తువు మీద చూపు నిలిపితే వికారం పెరుగుతుంది. దూరంగా ఉన్న కొండను, చెట్టును చూపించి మాట్లాడించండి, పాటలు పాడించండి. కారులో వేలాడదీసే సెంటు సీసా ముందే తీసేయండి. కిటికీ కొంచెం దించండి. ఖాళీ కడుపుతో తీసుకెళ్తే వాంతులు రావనుకోవడం పొరపాటు. కొండ ఎక్కడానికి గంట ముందు ఒక ఇడ్లీ, సగం అరటిపండు పెట్టండి. పూరీ వద్దు. గ్లాసు నిండా పాలు కూడా వద్దు.

అన్నిటికంటే ముఖ్యం, వాంతికి ముందు వచ్చే సూచనలు గుర్తుపట్టడం. మూడేళ్ల పిల్ల తనకు తిప్పుతోందని చెప్పలేదు. మాటలు ఆగిపోతాయి, వరుసగా ఆవలిస్తుంది, పెదవుల చుట్టూ పాలిపోతుంది, నుదుట చెమట పడుతుంది, ఉన్నట్టుండి మారాం మొదలుపెడుతుంది. ఆ క్షణమే చోటు చూసి ఆపేయండి. కిందికి దించి పది నిమిషాలు నడిపిస్తే చాలాసార్లు వాంతి రాకుండానే సర్దుకుంటుంది.

వాంతి అయితే వెంటనే నీళ్లు తాగించకండి. పావుగంట ఆగి ఓఆర్‌ఎస్ చెంచాతో కొంచెం కొంచెంగా పట్టండి. ప్యాకెట్ మీద ఎంత నీటిలో కలపమని రాసి ఉంటే అంత నీటిలోనే కలపాలి. మందు కావాలనిపిస్తే మీ పిల్లల డాక్టరు బరువు చూసి రాసిందే వాడండి. వాటిలో రెండేళ్లలోపు పిల్లలకు ఇవ్వకూడనివి ఉన్నాయి. కొందరు పిల్లలు మందుతో మత్తుకు బదులు చిరాకు పడతారు, అందుకని ప్రయాణానికి ముందే ఇంట్లో ఒకసారి ఇచ్చి చూడమంటారో లేదో డాక్టరునే అడగండి.

డల్లాస్ నాన్న | నవంబరు 18, ఉదయం 8:15

కృష్ణలంక కోడలు గారూ, పాప కారులో ఎక్కడ కూర్చుంటుందో మీరు రాయలేదు. చైల్డ్ సీటు ఉందా? ఇక్కడ అమెరికాలో అది లేకుండా ప్రసూతి ఆసుపత్రి నుంచి బిడ్డను కారులో ఇంటికి తీసుకెళ్లడం కుదరదు. మన దేశంలోనూ 2019లో మోటారు వాహనాల చట్టం సవరించాక, పద్నాలుగేళ్లలోపు పిల్లలను బెల్టుతో గానీ చైల్డ్ సీటుతో గానీ కట్టకపోతే వెయ్యి రూపాయల జరిమానా ఉంది. జరిమానా సంగతి వదిలేయండి. కొండ దారిలో ఒడిలో కూర్చోబెట్టుకుని వెళ్లకండి, దయచేసి.

పెద్దాపురం అమ్మమ్మ | నవంబరు 18, మధ్యాహ్నం 1:20

నాయనా, నేను నలుగురు పిల్లల్ని, ఏడుగురు మనవల్ని ఒళ్లో కూర్చోబెట్టుకునే తిరుపతి ఘాట్ ఎక్కించాను. ఒంట్లో బాగాలేని పిల్లకు తల్లి ఒడిని మించిన చోటు ఉంటుందా? వాంతి చేసుకునే బిడ్డను ఆ కుర్చీలో బెల్టులతో బిగించి కట్టేస్తే ఇంకా బెంబేలు పడిపోదూ? వెనక్కి వాలి పడుకున్నప్పుడు వాంతి వస్తే గొంతుకు అడ్డం పడుతుందేమోనన్న భయం కూడా ఉంది.

ఘాట్ బాబాయి | నవంబరు 18, మధ్యాహ్నం 2:02

అమ్మమ్మగారూ, మీ మాట మీద గౌరవంతోనే చెబుతున్నాను. తల్లి ప్రేమకు లోటు లేదు, చేతుల బలానికే హద్దు ఉంది. మా శిక్షణలో ఒక లెక్క చెప్పేవారు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి దేనికైనా తగిలి పదోవంతు సెకనులో ఆగిపోయిందనుకోండి. 14 కిలోల పిల్ల ఆ క్షణంలో ముందుకు దూసుకుపోయే బలం నూటయాభై కిలోల బరువును పట్టి ఆపడంతో సమానం. ఏ తల్లి చేతులూ ఆపలేవు. ఒడిలో ఉన్న పిల్ల మీద తల్లి బరువు కూడా పడుతుంది. ఘాట్ మీద ఎదుటి బండి మలుపులో మన వైపుకు వచ్చేసినప్పుడు సడన్ బ్రేకు ఒక్కటే దిక్కు. అది తప్పనిసరిగా ఎక్కడో ఒకచోట వేయాల్సి వస్తుంది.

పిల్లల వార్డు | నవంబరు 18, మధ్యాహ్నం 3:30

అమ్మమ్మగారి రెండో భయానికి జవాబు: మూడేళ్ల పిల్లకు వాడే సీటులో నిటారుగా కూర్చోబెట్టవచ్చు, పడుకోబెట్టనక్కరలేదు. తల్లి పక్కనే కూర్చుంటే వాంతి వచ్చినప్పుడు తల ముందుకు వంచి పట్టుకోవచ్చు. ఇంకో సంగతి ఎవరూ చెప్పలేదు. చైల్డ్ సీటు పిల్లను ఎత్తులో కూర్చోబెడుతుంది. అప్పుడు కిటికీలోంచి బయటి దృశ్యం కనిపిస్తుంది. నేను పొద్దున చెప్పిన కళ్లు, చెవుల పేచీకి సగం మందు అదే. ఒడిలో ఉన్న పిల్లకు అమ్మ భుజం తప్ప ఏమీ కనపడదు.

డల్లాస్ నాన్న | నవంబరు 18, రాత్రి 8:40

నర్సు గారు చెప్పింది చాలా విలువైన మాట. చలి ప్రాంతం కాబట్టి ఒక జాగ్రత్త చేరుస్తాను. లావుపాటి స్వెట్టరు, జాకెట్టు వేసి దాని మీద బెల్టు బిగిస్తే బెల్టుకీ ఒంటికీ మధ్య ఖాళీ మిగిలిపోతుంది. పలచని బట్టల మీద బెల్టు బిగించి, పైన దుప్పటి కప్పండి. సీటు కొన్నాక వారం ముందు నుంచే ఊళ్లో చిన్న చిన్న దూరాలకు దానిలో కూర్చోబెట్టి అలవాటు చేయండి. కొండ దారిలో మొదటిసారి కూర్చోబెడితే ఏ పిల్లయినా ఏడుస్తుంది.

పెద్దాపురం అమ్మమ్మ | నవంబరు 18, రాత్రి 9:10

పిల్లకు బయట కనిపిస్తుందన్న మాట నాకు నచ్చింది. అలాగే కానివ్వండి. ఒక పాత చీర, నాలుగు మెత్తటి తువ్వాళ్లు, రెండు జతల బట్టలు సీటు కిందే అందుబాటులో పెట్టుకో తల్లీ. డిక్కీలో పెడితే సమయానికి చేతికి రావు.

మియాపూర్ మిత్రుడు | నవంబరు 19, ఉదయం 10:10

మేం ఐదేళ్ల బాబుతో వెళ్లొచ్చాం. విజయవాడ వైపు నుంచి వచ్చేవాళ్లకు నా సలహా: వెళ్లేటప్పుడు శృంగవరపుకోట ఘాట్, వచ్చేటప్పుడు పాడేరు, లంబసింగి, నర్సీపట్నం మీదుగా దిగి తుని దగ్గర హైవే ఎక్కండి. వచ్చిన దారినే మళ్లీ రానక్కరలేదు, లంబసింగి కూడా చూసినట్టవుతుంది. అంత దూరం వెళ్లి లంబసింగి చలి చూడకుండా వస్తే తర్వాత బాధపడతారు. వంజంగిలో కాళ్ల కింద మేఘాలు పరుచుకుంటాయి, ఆ దృశ్యం మాటల్లో చెప్పలేం. పిల్లలు మనం అనుకునేదానికంటే గట్టివాళ్లు.

అనంతగిరి కాఫీ | నవంబరు 19, మధ్యాహ్నం 12:45

మాది ఈ కొండల ఊరే. మా ఇంట్లో కాఫీ తోట ఉంది. మియాపూర్ మిత్రుడు చెప్పిన దారి అందమైనదే, కానీ ఈ కుటుంబానికి సరిపోదు. అరకు నుంచి లంబసింగి సుమారు 90 కిలోమీటర్లు. మొత్తం ఎత్తుపల్లాలు, మలుపులు. ఆపైన నర్సీపట్నం వైపు దిగే ఇంకో ఘాట్. రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, చింతపల్లి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం వెళ్లే 516ఈ జాతీయ రహదారిలో భాగమే అరకు, లంబసింగి మధ్య దారి. విస్తరణ పనులు ఎక్కడ నడుస్తున్నాయో ఎప్పటికప్పుడు కనుక్కోవాలి. ఊరికీ ఊరికీ మధ్య అడవి, చాలాచోట్ల ఫోను పలకదు. ఐదేళ్ల బాబుకూ, కారు పడని మూడేళ్ల పాపకూ చాలా తేడా ఉంది. వంజంగి అంటే గడ్డకట్టే చలిలో, చీకట్లో కొండ ఎక్కడం. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ, నిద్ర లేవని పాప కింద ఉండిపోతారు. ఇక చూసేది ఎవరు?

జాబితా సగానికి తగ్గించండి. బొర్రా గుహలకు దారి మీరు కొండ ఎక్కేటప్పుడే అనంతగిరి ప్రాంతంలో చీలుతుంది. అరకు వెళ్లి మర్నాడు మళ్లీ 36 కిలోమీటర్లు వెనక్కి రావడం దేనికి? ఎక్కే రోజే చూసేయండి. పది గంటలకు తెరుస్తారు, ఆ వేళకు చేరితే రద్దీ ఉండదు. లోపల మెట్లు చెమ్మగా ఉంటాయి, పైనుంచి సున్నపురాయి నీళ్లు చుక్కలు చుక్కలుగా పడుతుంటాయి. తోపుడు బండి పనికిరాదు, పాపను ఎత్తుకోవాలి. అత్తయ్యగారు మొదటి విశాలమైన గది వరకు వచ్చి చూసి ఆగిపోవచ్చు. అసలు అందం అక్కడే ఉంది. బయట కోతులు ఎక్కువ. పాప చేతిలో అరటిపండు గానీ బిస్కెట్ ప్యాకెట్ గానీ ఉండకూడదు. కటికి జలపాతానికి జీపు ఎక్కి, కొంత నడవాలి. మీరు వదిలేయండి.

చాపరాయి గురించి గట్టిగా చెబుతున్నాను. పరుపుబండ మీద నీళ్లు పలచగా జారుతుంటాయి, చూడటానికి ఆటస్థలంలా కనిపిస్తుంది. ఆ రాతి మీద నాచు ఉంటుంది. పెద్దలే జారిపడి ప్రాణాలు పోగొట్టుకున్నారు. వెళితే గట్టు మీదే ఉండండి, పాప చెయ్యి వదలకండి.

మరి ఏం చూడాలి? మీరు వచ్చే నెలలో కొండవాలు పొలాల్లో వలిసె పూలు పసుపు పరిచినట్టు ఉంటాయి. పొలం వాళ్లను అడిగి, వాళ్లు అడిగిన చిన్న మొత్తం ఇచ్చి గట్టు మీద నిలబడి చూడండి. పూలలోకి దిగి తొక్కకండి, అవి నూనె గింజల పంట, వాళ్ల బతుకుదెరువు. సుంకరమెట్ట దగ్గర కాఫీ తోటల్లో చెక్క వంతెన ఉంది. ఇప్పుడే కాఫీ పళ్లు ఎర్రగా పండుతాయి, కోత సాగుతుంటుంది. పద్మాపురం తోటలో చిన్న రైలు ఉంది, మూడేళ్ల పిల్లకు అది చాలు. ఆ తోట 1942లో యుద్ధకాలంలో సైనికులకు కూరగాయలు పండించడానికి మొదలైంది. మ్యూజియంలో మా పనిముట్లు, పెళ్లి తంతు, థింసా నృత్యం బొమ్మలతో చూపిస్తారు.

ఒక విన్నపం. దారిలో మా పిల్లలు కనిపిస్తే కారు కిటికీలోంచి చాక్లెట్లు విసరకండి. అవి ఏరుకోవడానికి రోడ్డు మీదకు పరుగెత్తుతారు. ఫొటో తీయాలంటే వాళ్ల పెద్దవాళ్లను అడగండి.

మియాపూర్ మిత్రుడు | నవంబరు 19, మధ్యాహ్నం 1:30

చిన్న పాప, మోకాళ్ల నొప్పుల పెద్దావిడ ఉన్నారన్న లెక్కలో చూస్తే మీరు చెప్పిందే సబబు. కానీ వంజంగి మీద నా అభిప్రాయం మారదు. పాపకు ఎనిమిదేళ్లు వచ్చాక ఆ కొండ కోసమే ఇంకోసారి రండి.

కృష్ణలంక కోడలు | నవంబరు 20, రాత్రి 9:50

మీరందరూ ఇంత శ్రద్ధగా రాస్తారని అనుకోలేదు. మొత్తం మా వారికి చదివి వినిపించాను. లంబసింగి, వంజంగి, కటికి తీసేశాం. మొదటి రాత్రి, చివరి రాత్రి విశాఖలో, మధ్యలో రెండు రాత్రులు అరకులో. చైల్డ్ సీటు తెప్పించాం, పాప దానిలో కూర్చుని ఇంట్లోనే టీవీ చూస్తోంది. రైలు గారూ, అద్దాల పెట్టెలో సీట్లు అయిపోయాయి. మామూలు పెట్టెలో అత్తయ్యగారితో, పాపతో ఆ రద్దీలో ఎక్కడం కష్టమనిపించింది. బాబాయి గారూ, నడిపే సంగతులు రాయండి. మా వారు అడుగుతున్నారు.

ఘాట్ బాబాయి | నవంబరు 20, రాత్రి 10:40

సంతోషం అమ్మా. మీవారికి చెప్పండి.

ఏ గేరులో ఎక్కుతామో అదే గేరులో దిగాలి. దిగేటప్పుడు రెండో గేరులో వేసి ఇంజన్ చేతే బండిని పట్టించాలి. బ్రేకు మీద కాలు పెట్టి అదే పనిగా నొక్కుతూ దిగితే బ్రేకులు వేడెక్కి పట్టు పోతాయి. కాలిన వాసన వస్తే ఆగి, చల్లారాకే కదలండి. నీళ్లు పోయకూడదు. పెట్రోలు ఆదా అని న్యూట్రల్‌లో దించడం ప్రాణాలతో చెలగాటం. ఆటోమేటిక్ కారైతే గేరు కర్రను మాన్యువల్‌లోకి గానీ కింది గేరులోకి గానీ మార్చుకోవాలి. 'డి'లో వదిలేసి దిగకూడదు.

ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలి. ఇది మర్యాద కాదు, నిబంధన. ఇరుకు చోట ఎక్కే బండి ఆగితే మళ్లీ కదలడం కష్టం. ముడి మలుపుల్లో బస్సు, లారీ తిరగడానికి రోడ్డంతా కావాలి. మలుపులోకి వెళ్లకముందే హారన్ కొట్టి, అవతలి నుంచి పెద్ద బండి వస్తుంటే వెనకే ఆగిపోండి. మంచులో హెడ్‌లైటు పైకి వేస్తే వెలుగు మంచుకు కొట్టుకుని మన కళ్లలోనే పడుతుంది. లైటు కిందికే ఉంచాలి. రోడ్డు అంచు గీతను పట్టుకుని వెళ్లాలి. అసలు ఏమీ కనపడకపోతే రోడ్డు దిగి సురక్షితమైన చోట ఆపేయాలి.

పాప వాంతికి నడిపే తీరుకూ సంబంధం ఉంది. కొత్తవాళ్లు మలుపు మధ్యలో బ్రేకు వేసి, బయటికి రాగానే యాక్సిలరేటరు తొక్కుతారు. ప్రతి మలుపుకూ తల ముందుకూ వెనక్కూ ఊగుతుంది, పక్కకు తూలుతుంది. మలుపుకు ముందే వేగం తగ్గించి, లోపలంతా ఒకే వేగంతో తిరిగి, నిదానంగా బయటికి రావాలి. డాష్‌బోర్డు మీద సగం నిండిన నీళ్ల సీసాను పడుకోబెట్టి, అది దొర్లకుండా నడపమని మా గురువు నేర్పేవారు. మీవారు ఇంటి దగ్గర ఖాళీ మైదానంలో ఒకసారి ఇలా నడిపి చూస్తే మంచిది. ఘాట్ మీద మాత్రం సీసా వద్దు, పెడల్ కింద పడితే ప్రమాదం.

పిల్లల వార్డు | నవంబరు 21, ఉదయం 7:15

ఇంకో రెండు మాటలు. ఎత్తు ఎక్కేటప్పుడు పాప చెవి పట్టుకుని ఏడిస్తే గుక్క గుక్కగా నీళ్లు తాగించండి, మింగినప్పుడు చెవి సర్దుకుంటుంది. అరకు 900 మీటర్ల పైచిలుకు ఎత్తే, ఊపిరి ఇబ్బంది వచ్చేంత ఎత్తు కాదు. ఏజెన్సీలో మలేరియా ఉంటుంది కాబట్టి చలికి దోమలు లేవనుకోకండి. దోమతెర తీసుకెళ్లండి, సాయంత్రం నుంచి నిండు చేతుల బట్టలు వేయండి. తిరిగొచ్చాక కొన్ని వారాల్లో చలి జ్వరం వస్తే కొండ ప్రాంతానికి వెళ్లొచ్చిన సంగతి డాక్టరుకు మొదటే చెప్పాలి.

కృష్ణలంక కోడలు | డిసెంబరు 16, మధ్యాహ్నం 3:05

వెళ్లొచ్చాం! అడిగినవాళ్ల కోసం, మున్ముందు వెళ్లేవాళ్ల కోసం వివరంగా రాస్తున్నాను.

హైవే మీద గంటన్నరకొకసారి ఆగాం. అన్నవరంలో అత్తయ్యగారు సత్యదేవుణ్ని దర్శించుకున్నారు. పాప ఆకులో పెట్టిన గోధుమరవ్వ ప్రసాదం నెయ్యి కారుతుంటే ఇష్టంగా తినేసి, తుని దాటాక అంతా కక్కేసింది. ప్రయాణం మొత్తంలో వాంతి అదొక్కటే. ఘాట్ మీద ఒక్కసారీ కాలేదు. రెండుసార్లు ఆవలింతలు మొదలవగానే ఆపేశాం. మొదటిసారి ఆపినచోట పక్కనే మిరియాల తీగ పెద్ద చెట్టును చుట్టుకుని పైకి పాకి ఉంది. పాప ఆ పచ్చి మిరియాల గుత్తులు లెక్కపెడుతూ తేరుకుంది.

చైల్డ్ సీటు గురించి నర్సు గారు చెప్పింది అక్షరాలా నిజం. మలుపు తిరిగిన ప్రతిసారీ "అమ్మా, కొండ ఇటొచ్చింది" అంటూ కిటికీలోంచి చూపించింది. మా వారు మలుపుకు ముందే వేగం తగ్గించడం బాగా పట్టుకున్నారు. వెనక కూర్చున్న మాకు కూడా ఆ తేడా తెలిసింది.

బొర్రాలో గబ్బిలాల వాసనకు పాప ముక్కు మూసుకుంది, రంగుల దీపాలు చూసి భయపడి నా మెడ వదల్లేదు. మేం కొద్దిసేపే ఉన్నాం. అత్తయ్యగారు మొదటి గదిలోనే ఆగి తృప్తిగా చూశారు.

అందరం మరిచిపోలేనిది కాఫీ తోట. అక్కడ కోస్తున్న ఒకామె పాప అరచేతిలో ఎర్రటి పండు పెట్టి, బొటనవేలితో నొక్కి చూపించింది. తొక్క చిట్లి రెండు గింజలు జారి బయటికి వచ్చాయి, బల్లపరుపు వైపులు ఒకదానికొకటి ఆనుకుని, జిగురుగా. పాప ఆ జిగురు నాకి "తియ్యగా ఉంది" అంది. ఆ తర్వాత గంటసేపు అక్కడి నుంచి కదలనివ్వలేదు. రాలిన పళ్లు ఏరి ఆమె బుట్టలో వేయడం, మళ్లీ ఏరడం. మధ్యాహ్నానికి మ్యూజియం చూడాలనుకున్నాం, మర్నాటికి వాయిదా వేశాం. జాబితా పొడుగ్గా ఉండి ఉంటే పాపను ఏడిపించి లాక్కెళ్లేవాళ్లం.

చాపరాయి దగ్గర గట్టు మీదే కూర్చున్నాం. మా కళ్లముందే కుర్రవాళ్లు ఇద్దరు జారి పడ్డారు, దెబ్బలతో బయటపడ్డారు. అనంతగిరి కాఫీ గారు అంత గట్టిగా ఎందుకు చెప్పారో అప్పుడు బాగా అర్థమైంది.

బస విషయంలో ఒక మాట. మేం దిగిన చోట వేడినీళ్లు ఉదయం కొద్దిసేపే వచ్చాయి, దుప్పట్లు పలచగా ఉన్నాయి. గది తీసుకునేటప్పుడే ఈ రెండూ అడగండి, పాపకు సొంత రగ్గు తీసుకెళ్లండి. ఫ్లాస్కు ఉంటే ఇంకా మంచిది.

అనంతగిరి కాఫీ | డిసెంబరు 16, సాయంత్రం 6:20

చాలా సంతోషం. కోతల రోజుల్లో పిల్లలు బుట్టలో పళ్లు వేస్తే మా వాళ్లు మురిసిపోతారు. మ్యూజియం చూశారా మరి?

కృష్ణలంక కోడలు | డిసెంబరు 16, రాత్రి 8:00

చూశామండీ, శనివారం దిగేముందు. అత్తయ్యగారికి అదే అన్నిటికంటే నచ్చింది. తిరగలి, రోకలి చూసి తన చిన్నప్పటి ఇల్లు గుర్తుచేసుకున్నారు.

సామర్లకోట కొత్త నాన్న | డిసెంబరు 19, ఉదయం 9:25

ఈ చర్చ మొత్తం చదివాను. మా బాబుకు ఎనిమిది నెలలు. సంక్రాంతి సెలవుల్లో అరకు వెళ్దామని మా ఆవిడ అంటోంది. అంత చిన్న పిల్లవాడితో వెళ్లవచ్చా?

అనంతగిరి కాఫీ | డిసెంబరు 19, ఉదయం 11:10

సంక్రాంతికి మాత్రం రాకండి. గదులు దొరకవు, ఘాట్ మీద కార్లు గంటల తరబడి నిలిచిపోతాయి. పాలు తాగే బాబుతో ఆ వరుసలో చిక్కుకుంటే చాలా కష్టం. పండగ వెళ్లాక, జనవరి చివర్లో వారం మధ్య రోజుల్లో రండి. చలి ఇంకా ఉంటుంది, జనం ఉండరు.

పిల్లల వార్డు | డిసెంబరు 19, మధ్యాహ్నం 2:45

ఎనిమిది నెలల బాబుకు మలుపుల వల్ల వాంతులు రావడం అరుదు, ఆ భయం అక్కరలేదు. సీటు మాత్రం వెనక్కి తిరిగి ఉండేదే కావాలి, వెనక సీటులోనే బిగించాలి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీటులో ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకూడదు. కదిలే కారులో సీటులోంచి తీసి పాలు పట్టకండి, పక్కన ఆపుకొని పట్టి, భుజాన వేసుకుని త్రేన్పు వచ్చాక బయలుదేరండి. అరకులో మంచి తేనె దొరుకుతుంది, చాలామంది పసిపిల్లల నాలుకకు రాస్తారు. ఏడాది నిండని పిల్లలకు తేనె చుక్క కూడా పెట్టకూడదు, బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. టీకాల కార్డు వెంట ఉంచుకోండి, బయలుదేరే ముందు మీ పిల్లల డాక్టరుకు ఒకసారి చూపించండి.

ఘాట్ బాబాయి | డిసెంబరు 19, సాయంత్రం 5:30

మీ కారు ఏదో, ఎవరు నడుపుతారో రాయండి బాబూ. సామర్లకోట నుంచైతే తెల్లవారి బయలుదేరి మధ్యాహ్నానికి శృంగవరపుకోట చేరవచ్చు, కానీ ఆ రోజే కొండ ఎక్కవద్దు.